బంగారు గుండీలు, కొల్లూరు చాట (వస్తువులూ మనుషులూ – 14)

పోయిన నెల ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాడు. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కింది వాడే మొదలు. వైవాకి కోటు కుట్టించుకున్నాడు. కోటుతో పాటు పాత సామాన్లు అమ్మే చోట ఒక జత కఫ్ లింకులు కూడా కొన్నాడు. బంగారం కాదు, బంగారు పూత. మధ్యలో ఎర్ర రాయి. కెంపు కాదు, గాజు. జత ఎనిమిది వందలు.

అది చూసి రూమ్మేటు, మనతో పాటు ఉద్యమంలో తిరిగేవాడే, "దొరల సోకు నీకెందుకురా" అన్నాడట. ఇంకో క్లాస్‌మేటు, వాడు మనవాడు కాదు, "స్కాలర్‌షిప్ బాగానే గిట్టుబాటవుతున్నట్టుందే" అని నవ్వాడట. రెండోవాడి మాట వాడికి అలవాటే. మొదటివాడి మాటకే నొచ్చుకున్నాడు.

"అన్నా, పెట్టుకోమంటావా వద్దంటావా?"

పెట్టుకోరా అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ ఒక్కమాట చాలదనిపించింది. మొదటివాడు అడిగింది తేలిగ్గా తీసేసే ప్రశ్న కాదు. దొర ఒంటిమీది వస్తువు మన ఒంటిమీదకు వస్తే ఏమవుతుంది? మనం దొర అవుతామా? వాడికి రాసిన జవాబే ఈ వారం మీ అందరికీ పెడుతున్నాను. కాస్త పెద్దదైంది, ఓపిక పట్టండి.

ముందు వస్తువు సంగతి చూద్దాం. మామూలు చొక్కా చేతికి బొత్తాం కుట్టి ఉంటుంది. (బొత్తాం అన్న మాట పోర్చుగీసువాళ్ళతో ఓడ దిగి మన భాషలోకి వచ్చింది. వస్తువు వచ్చినప్పుడు పేరు కూడా దాంతోనే వస్తుంది.) కఫ్ లింకు అలా కుట్టి ఉండదు. మణికట్టు దగ్గర గుడ్డ రెండు మడతలుగా ఉంటుంది, రెండు అంచులకీ కాజాలే ఉంటాయి. ఆ కాజాల్లోంచి దూర్చి బిగించే జంట గుండీ ఇది. పాతకాలం వాటిలో రెండు బిళ్ళల మధ్య చిన్న గొలుసు ముక్క ఉండేది.

ఎందుకిలా విడిగా? దొరల చొక్కా చేతులకి అట్టముక్కలాగా నిలబడేటంత గంజి పెట్టేవాళ్ళు. అంత బిరుసు గుడ్డని చిన్న బొత్తాం పట్టుకోలేదు. పైగా చొక్కా ఉతుక్కి వెళ్ళేటప్పుడు బంగారం, రాయి ఊడదీసి పెట్టెలో పెట్టుకోవచ్చు. చాకలి చేతికి చొక్కా వెళ్తుంది, గుండీ వెళ్ళదు.

ఇంకొకటి గమనించండి. కఫ్ లింకు పెట్టుకున్న చేతిని మోచేతి దాకా మడవడం కుదరదు. నీళ్ళలో పెట్టడం కుదరదు. మట్టి ఎత్తడం కుదరదు. ఒంటిచేత్తో బిగించుకోవడం కూడా కష్టమే, పక్కన ఇంకో మనిషి ఉంటే సుఖం. అంటే ఆ వస్తువు తయారీలోనే ఒక మాట ఉంది: ఈ చేయి పని చేసే చేయి కాదు, దీనికి పనిచేసిపెట్టే చేతులు వేరే ఉన్నాయి.

మన కోస్తాలో దీనికి దగ్గర చుట్టం లాల్చీ బంగారు గుండీలు. సిల్కు లాల్చీకి, గుండె మీద వరసగా, సన్న గొలుసుతో కలిపినవి. కట్నాల్లో ఇచ్చేవాళ్ళు. మా ఊళ్ళో మోతుబరి ఒకాయన పండక్కి మాత్రమే పెట్టుకునేవాడు. మా నాయన ఆయన ఇంటి ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే, మడిచిన చొక్కా చేతులు విప్పి కిందికి దించుకుని, మెడమీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని నడిచేవాడు. చేతులు మడిచి ఎదురుగా నడిస్తే పొగరు. అక్కడ బొత్తాల్లేవు గనక ఆ చొక్కా చేతులు గాలికి ఊగేవి. నాకు చొక్కా చేతుల చరిత్ర మొదలైంది అక్కడ.

ఇక రాళ్ళ దగ్గరికి వద్దాం.

ఇంగ్లండులో వజ్రాలు పొదిగిన కఫ్ బటన్ల ప్రస్తావన 1680ల నాటి లండన్ గెజెట్ ప్రకటనలోనే కనిపిస్తుంది. ఆ తేదీ దగ్గర కాసేపు ఆగండి. బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడింది 1720ల్లో. దక్షిణాఫ్రికాలో 1860ల చివర. అంతకు ముందు ప్రపంచానికి వజ్రాలంటే ఇండియా వజ్రాలే, బోర్నియో నుంచి ఏదో కొద్దిగా తప్ప. ఇండియాలోనూ పేరున్న గనులు ఎక్కువ మన కృష్ణ ఒడ్డునా, రాయలసీమలోనూ ఉన్నవే. అంటే ఆ రోజుల్లో లండన్ దొర మణికట్టు మీద ఒక వజ్రం మెరిసిందంటే, దాని వెనుక మన మట్టి, మన మట్టిని మోసిన తట్ట ఉండే అవకాశమే ఎక్కువ.

గోల్కొండ వజ్రాలు అంటారు గానీ గోల్కొండ కోటలో గనేమీ లేదు. అది రాజ్యం, బజారు. గని కొల్లూరులో ఉంది. కొల్లూరు మా పల్నాడులోనే, బెల్లంకొండ మండలంలో, కృష్ణ పక్కన ఉండేది. ఉండేది అంటున్నాను ఎందుకంటే పులిచింతల ప్రాజెక్టు వచ్చాక ఆ చోటు నీళ్ళ కిందికి పోయింది.

1620 ప్రాంతంలో మచిలీపట్నం నుంచి విలియం మెథ్‌వోల్డ్ అనే కంపెనీ ఉద్యోగి ఆ గని చూడటానికి వెళ్ళాడు. అక్కడ పనిచేసేవాళ్ళు ముప్పై వేల మంది ఉంటారని అంచనా వేశాడు. తర్వాత జీన్ బాప్టిస్ట్ టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి వచ్చాడు. ఆయన లెక్క అరవై వేలు. అందులో మగవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు అందరూ ఉన్నారు. ఆ గనికి ఆయన రాసుకున్న పేర్లలో ఒకటి "గని". అది పారశీక మాట అని పండితులు అంటారు. కావచ్చు. నాకు మాత్రం కూలివాడిని పట్టుకుని ఇదేంటయ్యా అని అడిగితే "గనండీ" అని చెప్పినట్టే వినిపిస్తుంది.

టావెర్నియర్ మన మనిషి కాదు, మనమీద ప్రేమతో వచ్చినవాడూ కాదు. సరుకు కొనడానికి వచ్చాడు. అందుకే సరుకు ఎలా తయారవుతుందో జాగ్రత్తగా చూసి రాశాడు. మగవాళ్ళు తవ్వుతారు. పది, పన్నెండు, పద్నాలుగు అడుగులు. నీరు పడిందా, ఇక ఆ గుంటలో ఆశ లేదు. ఆడవాళ్ళూ పిల్లలూ ఆ మట్టిని మోసి, చుట్టూ చిన్న గోడ కట్టిన దొడ్డిలో పోస్తారు. కుండలతో నీళ్ళు తెచ్చి పోసి ఒకటి రెండు రోజులు నాననిస్తారు. బురదనీరు వదిలేస్తారు. రెండు మూడు సార్లు కడుగుతారు. ఎండలో ఆరబెడతారు. ఆరిన తర్వాత ధాన్యం చెరిగినట్టు చాటల్లో పోసి చెరుగుతారు. గడ్డలు మిగిలితే కర్ర రోకళ్ళతో దంచి మళ్ళీ చెరుగుతారు. చివరికి మిగిలిన ఇసుకలో చేత్తో ఏరుతారు.

చాట, రోకలి, కుండ. ప్రపంచంలో అత్యంత ఖరీదైన రాయి ఈ మూడింటి మీదుగా బయటికి వచ్చింది. రాజుల మ్యూజియంలో వజ్రం పక్కన కత్తి పెడతారు, సింహాసనం బొమ్మ పెడతారు. ఒక చాట పెట్టినవాడిని నేను చూడలేదు.

కూలి ఎంత? కర్నూలు జిల్లా రామళ్లకోట అని పరిశోధకులు గుర్తించిన ఇంకో గని దగ్గర టావెర్నియర్ కూలి లెక్క రాశాడు. పని క్షుణ్ణంగా తెలిసిన మనిషికి ఏడాదికి మూడు వరహాలు. నెలకు కాదు, ఏడాదికి. ఒంటిమీద గోచిగుడ్డ తప్ప ఇంకేమీ లేదు. ప్రతి యాభై మంది కూలీల మీదా పన్నెండు నుంచి పదిహేను మంది కాపలా. అంత కాపలా ఎందుకంటే కూలీలు రాళ్ళు దాస్తారని, మింగేస్తారని. ఒకడు కంటి మూలలో వజ్రాన్ని దాచాడట, ఆ మనిషిని ఆయనకు చూపించారు కూడా. ఒంటిమీద గుడ్డ లేని మనిషికి జేబు ఉండదు. కంటినే జేబు చేసుకున్నాడు. దాన్ని దొంగతనం అని రాశారు. ఏడాదికి మూడు వరహాలిచ్చి రాయి పట్టుకెళ్ళడాన్ని వ్యాపారం అని రాశారు. అయినా టావెర్నియర్ ఒక్కటి ఒప్పుకున్నాడు: కూలి అంత తక్కువ గనక దాయడానికి వాళ్ళు వెనకాడరు అన్నాడు. సరుకు కొనేవాడికి ఉన్న ఆపాటి ఇంగితం మన చరిత్ర పుస్తకాలకు లేదు.

పెద్ద రాయి దొరికి, దాన్ని నిజాయితీగా తెచ్చి యజమాని చేతిలో పెడితే బహుమానం ఉంది. ఏమిటా బహుమానం? తలకు చుట్టుకోవడానికి ఒక నూలుగుడ్డ, అర వరహానో వరహానో, కొంచెం బియ్యం, ఒక పళ్ళెం చక్కెర. రాయి వెళ్ళి ఎవరి గుడ్డకో గుండీ అయింది. తీసినవాడికి గుడ్డ దొరికింది. నాకు ఈ మొత్తం చరిత్రలో మింగుడుపడని చోటు ఇదే.

కొల్లూరులో కొత్త గుంట మొదలుపెట్టే ముందు పూజ చేసి, కూలీలను వరసగా కూర్చోబెట్టి, విస్తళ్ళలో అన్నం, కరిగించిన నెయ్యి, చక్కెర పెట్టేవాళ్ళని కూడా ఆయన రాశాడు. పని ఉషారుగా, నమ్మకంగా చేస్తారని ఆ విందు. పని మొదలయ్యాక నెయ్యి ఊసు ఆ వర్ణనలో మళ్ళీ రాదు.

ఆ అరవై వేల మందిలో ఒక్కరి పేరు మనకు దక్కలేదు. వాళ్ళంతా మాలమాదిగలే అని నేను అనను. అలా రాసిపెట్టిన జాబితా లేదు, లేనిది ఉందని రాయడం మన పని కాదు. తట్టలు మోసే పని ఊళ్ళో ఎవరి నెత్తిన పడేదో మీకు తెలుసు, అంతవరకే అంటాను. టావెర్నియర్ పేరు దక్కింది. ఆయన 1669 ప్రాంతంలో ఫ్రెంచి రాజు పద్నాలుగో లూయీకి వజ్రాల మూట అమ్మాడు. అందులో ఒక పెద్ద నీలి వజ్రం ఉంది, అది కొల్లూరుదేనని చాలామంది నమ్మకం. ఇప్పుడు దాని ముక్క హోప్ డైమండ్ అనే పేరుతో వాషింగ్టన్‌లో ఉంది. కొల్లూరు మునిగిపోయింది. గోల్కొండ అన్న మాట మాత్రం వేలంపాటల్లో బ్రాండు అయి కూర్చుంది. 2019లో న్యూయార్క్ వేలంలో "మిర్రర్ ఆఫ్ ప్యారడైజ్" అనే గోల్కొండ వజ్రం అరవై లక్షల డాలర్లకు పైనే పలికింది.

తమ్ముడు ఉన్నది హైదరాబాద్ కదా, అక్కడి సంగతి కూడా చెప్పాలి. నిజాం నగల సంగతి తెలియనివాళ్ళు లేరు. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ 1951లో వాటిని ట్రస్టు కింద పెట్టాడు. ఏళ్ళ తరబడి కోర్టు గొడవల తర్వాత 1995లో భారత ప్రభుత్వం 218 కోట్లకు కొన్నది. లెక్కకు 173 వస్తువులు. జాకబ్ వజ్రం, బస్రా ముత్యాల సత్లడా, తలపాగా సర్పేచ్‌ల గురించి అందరూ రాస్తారు. (జాకబ్ వజ్రం గోల్కొండది కాదు, దక్షిణాఫ్రికాది. కూలీల ఒళ్ళు వెతికే పద్ధతి అక్కడా ఉంది.) జాబితా చివరన, ఎవరూ పట్టించుకోని చోట, గుండీలూ కఫ్ లింకులూ ఉన్నాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆ నగలు పెట్టినప్పుడు జనం సర్పేచ్‌ల ముందు ఎగబడ్డారు. నిజానికి కొత్త కాలం దొరతనం ఎలా ఉండబోతోందో చెప్పేవి ఆ గుండీలే. తలపాగా పాత రాజరికం. కఫ్ లింకు ఇంగ్లీషు దొర పక్కన కూర్చుని భోంచేసే రాజరికం. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వేసిన బట్ట మళ్ళీ వేయడని చెప్పుకునేవాళ్ళు. పురానీ హవేలీలో ఆయన బట్టల బీరువా చూడండి, బీరువా కాదు, వీధి. నిజాం మంచివాడా చెడ్డవాడా అన్న పంచాయితీ ఇక్కడ పెట్టను, అది వేరే వ్యాసం. ఆ నగలు ఇప్పుడు రిజర్వు బ్యాంకు లాకర్లో ఉంటున్నాయి. ప్రజల డబ్బుతో కొన్నవి గనక లెక్క ప్రకారం అవి మనవి కూడా.

రాయి తర్వాత బంగారం. దీని గురించి కొద్దిగానే చెప్తాను, కోలారు మీద విడిగా రాయాలి. 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ కోలారు గనులు నడిపింది. భూమిలోకి దిగినవాళ్ళలో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు, చిత్తూరు వైపు నుంచి వలసపోయిన దళితులు. మూడు కిలోమీటర్లకు మించిన లోతు. 1897లో మైసూరు ప్రభుత్వం గనుల చట్టం తెచ్చి, లెక్క చెప్పలేని బంగారం ఒంటిమీద ఉండటమే నేరం చేసింది. కంటి మూలలో వజ్రం దాచినవాడి మీద పెట్టిన కాపలాయే ఇక్కడ చట్టం అయింది. 1930లో కంపెనీ కార్మికుల వేలిముద్రలు నమోదు చేయిస్తానంటే వాళ్ళు సమ్మెకు దిగారు. మేము పని చేసే మనుషులం, దొంగలం కాదు అన్నారు. ఒక చేతికి బంగారు గుండీ, ఇంకో చేతికి సిరా. రెండు చేతుల మధ్య తేడా ఇంత సూటిగా కనిపించే ఏడాది ఇంకోటి దొరకదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. తెల్లటి గుట్టలు, దుమ్ముపట్టిన ఊపిరితిత్తులు ఊళ్ళో మిగిలాయి.

ఇంతవరకు తవ్వినవాళ్ళ కథ. ఇక తొడుక్కోవడం సంగతి.

తవ్వినవాడికి బంగారం దక్కకపోవడం పేదరికం వల్ల అని కొందరు మిత్రులు సరిపెట్టుకుంటారు. అది సగం నిజం. డబ్బులుండి కొనుక్కున్నా తొడుక్కోనివ్వలేదు. మనుస్మృతి పదో అధ్యాయంలో చండాలుడికి ఏ లోహం నగ ఉండాలో తేల్చి రాశారు: ఇనుము. బట్టలు శవం మీదివి. అది పాత పుస్తకం, ఎవరు పాటించారు అంటారా? సరే, పాతది వదిలేద్దాం.

1928 జనవరిలో ఇందోర్ జిల్లాలో పదిహేనుకు పైగా ఊళ్ళ పెద్దకులాలు బలాయీ కులస్థులకు షరతులు పంపాయి. జరీ అంచు తలపాగా కట్టకూడదు. రంగు అంచు పంచె కట్టకూడదు. ఆడవాళ్ళు బంగారం, వెండి పెట్టుకోకూడదు. ఒప్పుకోనివాళ్ళకు బావి నీళ్ళు లేవు, పశువులకు మేత లేదు. బాబాసాహెబ్ దీన్ని కులనిర్మూలన వ్యాసంలో ఎక్కించారు గనక మనకు తెలిసింది. ఎక్కని ఊళ్ళు ఎన్నో.

తర్వాతిది ఇంకా ముఖ్యం. 1930 నవంబరు 12న లండన్‌లో మొదటి రౌండ్ టేబుల్ సమావేశం మొదలైంది. అంటరానివాళ్ళ ప్రతినిధులుగా అంబేడ్కర్, మద్రాసు నుంచి రెట్టమలై శ్రీనివాసన్ వెళ్ళారు. ఆ సమావేశం జనవరి దాకా సాగింది. మధ్యలో, అదే డిసెంబరులో, శ్రీనివాసన్ సొంత రాష్ట్రంలోనే రామనాథపురం జిల్లాలో కళ్ళర్లు ఆదిద్రావిడుల మీద ఎనిమిది నిషేధాలు ప్రకటించారు. మొట్టమొదటిది బంగారం, వెండి నగలు పెట్టుకోకూడదని. మగవాళ్ళ బట్ట మోకాలు దాటి కిందికి రాకూడదు, నడుము దాటి పైకి పోకూడదు. కోటు, చొక్కా, బనీను వేయకూడదు. క్రాపు చేయించుకోకూడదు. ఇంట్లో మట్టిపాత్రలే ఉండాలి. ఆడవాళ్ళు రవిక తొడగకూడదు, పూలు పెట్టకూడదు. ఎండకైనా వానకైనా గొడుగు పట్టకూడదు, చెప్పులు వేయకూడదు. వినని గూడేలను తగలబెట్టారు, గాదెలు ధ్వంసం చేశారు, పశువులను తోలుకుపోయారు. తర్వాతి ఏడాది జూన్‌లో ఎనిమిది పదకొండయ్యాయి. అందులో పిల్లలకు చదువు వద్దు, పశువులు కాయాలి అన్నది కూడా చేరింది. ఇదంతా నేను కల్పించి రాస్తున్నది కాదు. 1931 జనాభా లెక్కల కమిషనర్ హట్టన్ రికార్డు చేశాడు. (ఆ కళ్ళర్లలోనే కొన్ని శాఖల మీద బ్రిటిషువాడు నేరస్థ తెగల చట్టం పెట్టాడు. తనమీద ముద్ర పడినవాడు కింద ఉన్నవాడి మీద ముద్ర వేయడం మనకు కొత్త కాదు.)

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టుకోండి. లండన్‌లో కోటూ టై కట్టుకున్న మనిషి మా జనానికి రాజకీయ హక్కులు కావాలని నిలబడి మాట్లాడుతున్నాడు. రామనాథపురంలో ఆ మనిషి లాంటివాళ్ళకు బనీను కూడా నిషేధం. అంబేడ్కర్ సూటును గాంధీ కొల్లాయితో పోల్చి, ఇది ఆడంబరం, అది త్యాగం అని పాఠాలు చెప్పేవాళ్ళు మీకు తగులుతూనే ఉంటారు. చొక్కా వేసుకునే హక్కు పుట్టుకతో ఉన్నవాడు విప్పితే త్యాగం. ఆ హక్కే లేనివాడు విప్పడానికి ఒంటిమీద ముందు ఉండాలి కదా.

బాబాసాహెబ్‌కి ఈ విషయం ఎంత లోతుగా తెలుసో మహద్ చూపిస్తుంది. 1927 డిసెంబరులో మనుస్మృతి కాల్చిన తర్వాత అక్కడి ఆడవాళ్ళతో విడిగా మాట్లాడారు. మీరు చీర కట్టే తీరు, మోచేతి దాకా వేసుకునే తగరపు, వెండి కడియాలు మీ అంటరానితనాన్ని దూరం నుంచే చెప్పేస్తున్నాయి, వాటిని వదిలేయమన్నారు. నగ పెట్టుకోవాలనుకుంటే బంగారానిది పెట్టుకోండి, లేదంటే అసలు పెట్టుకోకండి అన్నారు. నేను ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు కొంచెం ఇబ్బంది పడ్డాను. పేద ఆడవాళ్ళతో బంగారం మాటేంటి అనుకున్నాను. తర్వాత అర్థమైంది. ఆయన వాళ్ళను నగలు కొనమనడం లేదు. ఇది మీకు, అది మాకు అని పంచిపెట్టిన లోహాల లెక్కను చెరిపేయమంటున్నారు.

దీనికి పన్నెండేళ్ళ ముందే కేరళలో ఆ పని జరిగింది. పులయ ఆడవాళ్ళ మెడలో కల్లుమాల, అంటే రాతిపూసల దండ, తప్పకుండా ఉండాలి. పైన బట్ట ఉండకూడదు. బంగారం ఊసే లేదు. అయ్యంకాళి నాయకత్వంలో ఆ దండలు తీసేయండన్న పిలుపు పాకింది. 1915లో కొల్లం దగ్గర పెరినాడ్‌లో గొడవలు, ఇళ్ళ దహనాలు. ఆ డిసెంబరులో కొల్లం సభలో ఆడవాళ్ళు అందరి ముందే ఆ దండలు తెంపి కుప్పపోశారు. రాళ్ళు పొదిగిన నగ అంటే మనకు నిజాం పెట్టె గుర్తొస్తుంది. ఇదీ రాళ్ళ నగే. ఒకటి పెట్టుకునే హక్కు, ఇంకొకటి తీసేసే హక్కు. మన చరిత్రలో రెండోది ముందు గెలవాల్సి వచ్చింది.

తెలుగు నేల మీద కూడా ఈ పోరాటం బట్టలోనూ పేరులోనూ కలిసే నడిచింది. హైదరాబాద్‌లో మాదరి భాగయ్య భాగ్యరెడ్డివర్మ అయ్యాడు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. 1917 నవంబరులో బెజవాడ సభకు అధ్యక్షత వహించి ఆ వేదిక మీద ఆదిఆంధ్ర అన్న పేరు నిలబెట్టాడు. ఆయన ఫోటోలు చూడండి, కోటు వేసుకుని, నిటారుగా. ఆ కోటును ఎవరూ ఆయనకు బహుమానంగా ఇవ్వలేదు. ఇక జాషువా సంగతి మీ అందరికీ తెలిసిందే. బెజవాడలో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. బంగారు కడియం, అదీ కాలికి, తొడిగింది బ్రాహ్మణ పండితుడు, స్వయంగా తన చేతులతో. ఆ దృశ్యాన్ని చెళ్ళపిళ్ళ గొప్పతనంగా మాత్రమే చెప్పుకుంటారు. వంగిన చేతుల గురించి చెప్పినంతగా, ఆ కాలు అక్కడిదాకా నడిచి వచ్చిన దారి గురించి చెప్పరు.

ఇప్పుడు రూమ్మేటు ప్రశ్నకు వస్తాను. వాడి భయం ఊరికే వచ్చింది కాదు. మనవాళ్ళలో పదవి రాగానే సిల్కు లాల్చీ కుట్టించుకుని గూడేన్ని మరిచిపోయినవాళ్ళను వాడూ చూశాడు, నేనూ చూశాను. గుండీలు మారినంత మాత్రాన చేయి మారదని వాళ్ళు నిరూపించారు. అసలు వజ్రాలు పెట్టినవి, ఎవరి ఊపిరితో సానబట్టారో తెలియనివి కొనుక్కోమని నేను ఏ పిల్లాడికీ చెప్పను. కానీ వాడు "దొరల సోకు" అన్న మాట దగ్గర నాకు పేచీ ఉంది. ఆ రాయి దొరది ఎప్పుడైంది? కొల్లూరు మట్టిలో చాట పట్టి చెరిగింది దొర కాదు. ఆ వస్తువులో దొరది ఏదైనా ఉంటే, మిగతావాళ్ళు పెట్టుకోకూడదన్న హుకుం ఒక్కటే. మనం కూడా పెట్టుకోకూడదు అంటే ఆ హుకుమునే ఇంకో భాషలో చదువుతున్నట్టు.

రెండోవాడికి, స్కాలర్‌షిప్ లెక్క వేసినవాడికి, నేనేమీ రాయలేదు. వాడి బట్టల బిల్లు మనమెప్పుడైనా అడిగామా?

వైవా ఈ మంగళవారం అయిపోయింది. తమ్ముడు పొద్దున ఆరింటికి ఫోన్ చేశాడు. ఎడమచేతిది పెట్టుకున్నాడట, కుడిచేతిది ఒంటిచేత్తో ఎంత తిప్పినా కాజాలోకి దూరడం లేదట. రూమ్మేటును లేపాను, వాడే పెడుతున్నాడు, తిట్టుకుంటూనే పెడుతున్నాడన్నా, అని నవ్వాడు. వెనక నుంచి ఆ రెండోవాడి గొంతు వినిపిస్తోంది, కదలకురా అని. డిగ్రీ వచ్చింది. ఆ గాజురాళ్ళ మీద పరీక్షకులు ఎవరూ ఏమీ అడగలేదట. మూడో అధ్యాయం మీద మాత్రం గంటసేపు నిలదీశారట.

వచ్చే ఆదివారం: గొడుగు. రామనాథపురం ఎనిమిదో నిషేధం దగ్గర మొదలుపెడదాం. మీ ఊళ్ళో గొడుగు మడిచి నడిచిన పెద్దలెవరైనా ఉంటే వాళ్ళను అడిగి, వాళ్ళ మాటల్లోనే రాసి పంపండి.

జై భీమ్.